పాట ఎంత చోటు పడుతుంది? గ్రామఫోన్ ప్లేటు నుంచి మెమరీ కార్డు దాకా, మధ్యలో మన 60 క్యాసెట్లు



పోయిన నెలలో సంఘం గదికి సున్నం వేయించేటప్పుడు ఇనుప బీరువా పక్కకు జరిపాము. దాని వెనకాల చెదలు పట్టిన అట్టపెట్టె ఒకటి దొరికింది. విప్పి చూస్తే 17 క్యాసెట్లు. అట్టల మీద నీలం సిరాతో నంబర్లు, తేదీలు. మా పాత కార్యవర్గంలో మిగిలినవాళ్లం నలుగురం ఆ రోజు అక్కడే ఉన్నాము. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఎందుకంటే ఆ క్యాసెట్లు మొత్తం 60 ఉండాలి. మిగతా 43 ఏమయ్యాయో మాకు తెలుసు.

పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లగాడు, "గివి ఎందుకు దాచుకున్నరు కాకా, అన్నీ ఎంపీ3లో ఉన్నయి గదా" అన్నాడు. ఉన్నాయి. కానీ ఎట్లా ఉన్నాయన్నదే సమస్య. వాడికి ఆ రోజు నిలబడి చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ వివరంగా రాస్తున్నాము. తెలుగు మాట వచ్చి అక్షరం రాని పిల్లలు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు మీరే చదివి వినిపించండి.

మన పుస్తకం మన చెవిలోనే ఉంది

మన పెద్దలు కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి మగ్గం పని కోసం, గిరణీ పని కోసం సోలాపూర్‌కు వచ్చారు. ఇక్కడ జూనీ గిరణి 1877లో మొదలైంది. ఆ తరువాత తరతరాలుగా సాఖర్ పేట, కన్నా చౌక్ చుట్టూ ఉన్న పేటల్లో మగ్గాలు, సాంచాలు, ఇంటింటా బీడీల చాటలు. బడి మరాఠీలో, ఇల్లు తెలుగులో. అందువల్ల మనం రాసిపెట్టుకున్నది తక్కువ. మనకున్న చరిత్ర పాటల్లో, కథల్లో, అవ్వల మాటల్లో ఉంది.

ఈ సంగతి గుర్తించి 1988 నుంచి 2001 వరకు మా సంఘంలో కొందరం ఒక టేప్ రికార్డర్ పట్టుకుని తిరిగాము. బీడీలు చుడుతూ ఆడవాళ్లు పాడుకునే పాటలు, బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలు, కూనపులివారు చెప్పిన మార్కండేయ పురాణం, గిరణీల్లో పనిచేసిన తాతల జ్ఞాపకాలు, ఏ ఊరి నుంచి ఎట్లా వచ్చామన్న సంగతులు. అన్నీ సీ-90 క్యాసెట్లే. 60 క్యాసెట్లు, ఒక్కొక్కటి గంటన్నర, అంటే 90 గంటల శబ్దం. మొత్తం 5,400 నిమిషాలు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ప్లేటు కాలం: మూడు నిమిషాల పాట

పాటకు చోటు సరిపోకపోవడం కంప్యూటర్‌తో మొదలైన బాధ కాదు. పాటను పట్టి దాచడం మొదలైన రోజు నుంచీ ఉంది.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆమె సభలో ఒక రాగం పాడితే ఎంతసేపైనా సాగేది. కానీ ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల్లోనే చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి, అక్కడి పనివాళ్లకు ఎవరి పాటో తెలియాలి కదా. అంత తక్కువ చోటులోంచి పేరుకు కూడా కొంత పోయేది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేట్లలో 10 అంగుళాల దానికి ఒక వైపు మూడు నిమిషాలు, 12 అంగుళాల దానికి నాలుగు నిమిషాల పైచిలుకు. సంగీత విద్వాంసులు ఆలాపన తగ్గించారు, చరణాలు వదిలేశారు. నాటకం మొత్తం వినాలంటే ప్లేట్ల సెట్టు కొనాలి, మూడు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిరగేయాలి. సినిమా పాట మూడు, మూడున్నర నిమిషాలకు అలవాటు పడడానికి కూడా ఈ ప్లేటు కొలత ఒక కారణం. చోటు పాటను కొలిచి కోసింది. 1948లో 33 చుట్ల లాంగ్ ప్లే రికార్డు వచ్చాక ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టడం మొదలైంది.

ఆ కాలంలో పాటను జేబులో పెట్టుకుని తిరగడం అన్న ఆలోచనే లేదు. గ్రామఫోను ఉన్న ఇంటి ముందు వాడంతా కూర్చుని వినేది.

క్యాసెట్టు: కండె అదే, నూలు పలచన

1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్టును తెచ్చింది. లోపలి టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. మన నేతవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర లేదు, అయినా చూద్దాం. ఒక వైపు 30 నిమిషాలు రావాలంటే దాదాపు 86 మీటర్ల టేపు కావాలి, అది సీ-60. ఒక వైపు 45 నిమిషాలంటే దాదాపు 129 మీటర్లు, అది సీ-90. సీ-120 అయితే 171 మీటర్లు.

డబ్బా మాత్రం అన్నింటికీ ఒకటే. మరి ఎక్కువ టేపు ఎట్లా పట్టింది? పలచగా చేశారు. మన భాషలో చెప్పాలంటే కండె అదే, నూలు నంబరు పెంచారు. ఒక చిలప అంటే 840 గజాలు. 20 నంబరు నూలు పౌనుకు 20 చిలపలు, అంటే 16,800 గజాలు. అదే 40 నంబరు అయితే పౌనుకు 33,600 గజాలు. బరువు అదే, పొడవు రెట్టింపు, దారం సన్నం. సన్నదారానికి దాని పని దానికి ఉంది, కానీ దానితో చాదర్ నేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. సీ-120 టేపు కూడా అంతే. సాగేది, ముడతపడేది, యంత్రంలో చిక్కుకునేది. అందుకే పని తెలిసినవాళ్లు దాని జోలికి పోయేవాళ్లు కాదు. మేము సీ-90 వాడటానికి కారణం అదే.

1979 జూలై 1న సోనీ కంపెనీ జపాన్‌లో వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టింది. పాట మొదటిసారి నిజంగా నడుముకు వేలాడింది. 1980ల్లో మన దేశంలో క్యాసెట్లు చవకయ్యాయి. గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టాలు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు మన పేటల్లోకి చేరాయి. రెండు క్యాసెట్లు పట్టే యంత్రం ఉంటే ఒకదాని నుంచి ఇంకోదానికి కాపీ తీయవచ్చు. మా సంఘం కూడా అట్లా కాపీలు తీసి అడిగిన కుటుంబాలకు ఇచ్చేది. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

సీడీ: శబ్దం అంకె అయింది

1982లో జపాన్‌లో సీడీ అమ్మకానికి వచ్చింది. ఇక్కడి నుంచి పాటకు పొడవు, మందం పోయి అంకెలు వచ్చాయి. మనిషి చెవి మంచి వయసులో సెకనుకు 20,000 కంపనాల దాకా వింటుంది. దాన్ని తప్పు లేకుండా పట్టాలంటే అంతకు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలవాలి. అందుకని సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతను 16 బిట్లతో రాస్తారు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 1,76,400 బైట్లు. నిమిషానికి పదిన్నర ఎంబీ.

అంటే ఐదు నిమిషాల పాట దాదాపు 53 ఎంబీ తింటుంది. 1990ల మధ్యలో ఇంటి కంప్యూటర్‌లో 500 ఎంబీ హార్డ్ డిస్క్ ఉంటే ఘనంగా చెప్పుకునేవాళ్లు. దాన్నంతా ఖాళీ చేసి పాటలు పెడితే తొమ్మిది పడతాయి. సీడీలో ఉన్నప్పుడు ఎవరికీ తెలియని బరువు, దాన్ని ఇంకోచోట పెట్టబోయినప్పుడు తెలిసింది.

సాంచాల మోతలో గాజుల చప్పుడు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో డీటర్ సైట్సర్ అనే ఆచార్యుడు 1970ల్లోనే, సంగీతాన్ని టెలిఫోన్ తీగ మీద పంపవచ్చా అని ఆలోచించాడు. ఆయన దగ్గర చదువుకున్న కార్ల్‌హైన్స్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ఫ్రాన్‌హోఫర్ సంస్థలో ఏళ్ల తరబడి దాని మీద పనిచేశారు. కొత్తగా వస్తున్న డిజిటల్ టెలిఫోన్ లైను సెకనుకు 64,000 బిట్లు మోసేది. రెండు కలిపితే 1,28,000. పద్నాలుగు లక్షల బిట్ల పాటను అందులో దూర్చాలి, అంటే పదకొండో వంతుకు తగ్గించాలి.

ఎట్లా తగ్గించారు? సాంచాల ఖానాలో పనిచేసిన ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. సాంచాలు ఆడుతున్నప్పుడు పక్కనున్న మనిషి గాజుల చప్పుడు వినపడదు. చప్పుడు లేక కాదు, మోత దాన్ని కప్పేస్తుంది. పెద్ద శబ్దం పక్కనే ఉన్న చిన్న శబ్దాన్ని చెవి పట్టించుకోదు. పెద్ద శబ్దం ఆగిన వెంటనే వచ్చిన చిన్నదాన్ని కూడా పట్టించుకోదు. మరి చెవి వినని దాన్ని రాసిపెట్టడం ఎందుకు? ఎంపీ3 చేసే పని ఇదే. పాటను చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏది కప్పుబడిపోతుందో లెక్కకట్టి, దాన్ని వదిలేస్తుంది లేదా మోటుగా రాస్తుంది. ఈ పద్ధతి 1992లో అంతర్జాతీయ ప్రమాణంగా ఖరారైంది. ఎంపీ3 అనే పేరు 1995 జూలైలో స్థిరపడింది.

ఇందులో ఒక ముచ్చట మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బ్రాండెన్‌బర్గ్ తన పద్ధతిని పరీక్షించడానికి వాడిన పాటల్లో ఒకటి సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్'. వాద్యం ఒక్కటి కూడా లేకుండా ఒక ఆడమనిషి ఒంటరిగా పాడిన పాట అది. పెద్ద బ్యాండు పాటల మీద బాగానే పనిచేసిన పద్ధతి ఈ ఒంటి గొంతు దగ్గర ఘోరంగా విఫలమైంది. ఎందుకంటే మోత లేదు. కప్పిపెట్టే చప్పుడు లేనప్పుడు ఏ చిన్న తప్పు చేసినా బయటపడుతుంది. ఆ గొంతు సరిగ్గా వచ్చేదాకా ఆయన మళ్లీమళ్లీ దిద్దుకుంటూ పోయాడు.

మన అవ్వల పాటలు ఏమిటి మరి? ఒంటి గొంతులే కదా. వాద్యం లేదు, మహా అయితే తునికాకు కోసే కత్తెర చప్పుడు. మేమేమో, ఉత్త గొంతే కాబట్టి తక్కువ చోటు చాలునని అనుకున్నాము.

జేబులోకి వచ్చిన లెక్కలు

సెకనుకు 128 వేల బిట్లు అంటే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, కచ్చితంగా చెప్పాలంటే 0.96. ఇది అందరూ కంఠతా పట్టాల్సిన లెక్క. 64 వేలైతే అందులో సగం, 320 వేలైతే 2.4 ఎంబీ. పాట బాగా వచ్చిందా, మామూలుగా వచ్చిందా అన్నదానితో ఫైలు బరువుకు సంబంధం లేదు. నిమిషాలను బిట్ రేటుతో గుణిస్తే అంతే.

1998లో కొరియాలోని సేహాన్ కంపెనీ ఎంపీమ్యాన్ అనే పరికరం తెచ్చింది. లోపల 32 ఎంబీ చిప్పు. 128 దగ్గర అరగంట మీద మూడు నిమిషాలు. అంటే మన సీ-60 క్యాసెట్టు ఒక వైపు కన్నా కాస్త ఎక్కువ. అదే ఏడాది అమెరికాలో డైమండ్ కంపెనీ రియో అనే ప్లేయరు తెచ్చింది, అది కూడా 32 ఎంబీనే. రికార్డు కంపెనీల సంఘం దాని మీద దావా వేసింది. తన దగ్గర ఉన్న పాటను ఇంకోచోట విన్నంత మాత్రాన తప్పు కాదన్న అర్థంలో 1999 జూన్‌లో పై కోర్టు డైమండ్ వైపు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాకపోతే ఈ ప్లేయర్ల కథ అక్కడే ఆగేదేమో.

ఆ అరగంట ఎవరికీ చాలలేదు. అందుకని జనం 64కు దించి గంట చేసుకున్నారు. పాట డబ్బాలో ఉన్నట్టు వినిపించినా సర్దుకున్నారు. క్యాసెట్టు కాలంలో సీ-120 కొన్నవాళ్లు చేసిన పనే ఇది.

2001 అక్టోబరు 23న ఆపిల్ కంపెనీ ఐపాడ్‌ను చూపించింది. అందులో చిప్పు బదులు చిన్న హార్డ్ డిస్క్, 5 జీబీ. జేబులో వెయ్యి పాటలు అని ప్రచారం చేసుకుంది. ఆ వెయ్యి ఎట్లా వచ్చిందంటే, నాలుగు నిమిషాల పాట 160 వేల బిట్ రేటు దగ్గర 4.8 ఎంబీ. వెయ్యితో గుణిస్తే 4.8 జీబీ. అదే సీడీలో ఉన్నది ఉన్నట్టు పెడితే ఆ ఐపాడ్‌లో 118 పాటలే పట్టేవి. వెయ్యి అనే మాట డిస్కు వల్ల ఎంత వచ్చిందో, తగ్గించిన ఫైలు వల్ల కూడా అంత వచ్చింది.

దాని ధర 399 డాలర్లు, మన పేటల్లో దాన్ని చూసినవాళ్లు తక్కువ. మనకు ముందు వచ్చింది ఎంపీ3 సీడీ. 700 ఎంబీల డిస్కులో 128 దగ్గర పన్నెండు గంటల పాటలు. 150 పాటలున్న డిస్కు బజారులో అమ్మేవాళ్లు, ఘంటసాల పాటలన్నీ ఒకే డిస్కులో వచ్చాయని మన పెద్దలు మురిసిపోయారు. ఆ తరువాత ఫోన్లలో మెమరీ కార్డు వచ్చింది. సెంటర్‌లో కూర్చున్న పిల్లగాడికి 2 జీబీ కార్డిస్తే నాలుగు వందల పైచిలుకు పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఇంకా ఎక్కువ పాటలు కావాలంటే బిట్ రేటు తగ్గించేవాడు. కొన్నవాళ్లు సంఖ్యనే అడిగారు, నాణ్యత అడగలేదు.

ఇంకొక్క చిన్న లెక్క, చాలామంది అడుగుతుంటారు. 4 జీబీ కార్డు కొంటే కంప్యూటర్ 3.7 అనే చూపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు. కార్డు చేసినవాడు జీబీకి వంద కోట్ల బైట్లు లెక్కేస్తాడు. కంప్యూటర్ 1,024ను మూడుసార్లు గుణించి 107 కోట్ల 37 లక్షల చిల్లర లెక్కేస్తుంది. కుంచం మారింది, గింజలు అవే.

2006లో మేము చేసిన పని

ఇప్పుడు మా సంగతి. 2006లో కార్యవర్గం సమావేశంలో, క్యాసెట్లు పాడైపోతున్నాయి, అన్నీ ఎంపీ3లోకి ఎక్కిద్దాం అని తీర్మానం చేశాము. ఆలోచన మంచిదే. ఒక సభ్యుడు 1 జీబీ ప్లేయరు ఒకటి సంఘానికి ఇచ్చాడు. చిటికెన వేలంత ఉంది. 60 క్యాసెట్లూ ఇందులోనే పట్టాలి, పెళ్లిళ్లకూ సభలకూ ఇదొక్కటి తీసుకుపోతే చాలాలి అని అందరం ముచ్చటపడ్డాము.

లెక్క వేశాము. 5,400 నిమిషాలు. 128 దగ్గర 5,184 ఎంబీ, ఐదు రెట్లు ఎక్కువ. 64 దగ్గర 2,592. 32 దగ్గర 1,296, ఇంకా పట్టదు. 24 దగ్గర 972. పట్టింది! ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో మేమూ ఉన్నాము. శాంపిళ్లు సెకనుకు 16,000కు దించాము. అంటే 8,000 కంపనాల పైన ఉన్నదంతా పోయింది, కింద ఉన్నది కూడా మోటుగా మిగిలింది. ఇంకా పెద్ద తప్పు ఏమిటంటే, పూర్తి నాణ్యతతో కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైళ్లను, డిస్క్ నిండిపోతోందని, ఎంపీ3 చేయగానే తుడిచేశాము. క్యాసెట్లు కూడా ఇక అక్కర లేదనుకున్నాము. కొన్నింటి మీద సభల ప్రసంగాలు రికార్డు చేశాము, కొన్ని వానకు తడిశాయి, 2011లో గది మారినప్పుడు మిగిలినవి చాలావరకు పాత సామానుతో పోయాయి. ఇందులో బయటివాళ్ల తప్పేమీ లేదు. చేసింది మేమే, అందుకే పేరు పెట్టుకుని రాస్తున్నాము.

ఆ ప్లేయరు రెండేళ్లు కూడా ఆడలేదు. దాని 1 జీబీ కోసం 90 గంటల గొంతులను కోశాము.

నష్టం ఎంతో మూడేళ్ల కింద తెలిసింది. విడి ఘర్కుల్‌లో ఉండే ఒక అక్క సంఘానికి వచ్చింది. వాళ్ల అవ్వ మాటలు 1993లో మేము రికార్డు చేశాము. ఆ అవ్వ పదేళ్ల పిల్లగా తల్లిదండ్రుల వెంట ఇక్కడికి వచ్చింది. ఇప్పుడామె లేదు. మనుమరాలికి ఆ ఊరు ఒకసారి చూసి రావాలని కోరిక. ఇంట్లో ఎవరికీ ఊరి పేరు కచ్చితంగా గుర్తులేదు. ఫైలు తీసి పెట్టాము. అవ్వ రెండుసార్లు ఊరి పేరు చెప్పింది. ఒకసారి పోచారం అన్నట్టుంది, ఇంకోసారి పోతారం అన్నట్టుంది. తెలంగాణలో రెండు పేర్లతోనూ ఊళ్లున్నాయి. చ, త, స లాంటి అక్షరాలను విడదీసి చూపడంలో సన్నని గాలి చప్పుడుకు పెద్ద పాత్ర ఉంది. మేము కొంత వదిలేసి, మిగతాది మోటుగా మార్చింది దాన్నే. అందరం చెవులు పెట్టి పదిసార్లు విన్నాము. అక్క చివరికి, "మా అవ్వ సక్కగనే చెప్పిందన్నా, మీ డబ్బా సక్కగ ఇనలే" అని లేచి వెళ్లిపోయింది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఆ ఫైలును ఒక సభ్యుడు 320కి మార్చి తెచ్చాడు, బాగవుతుందేమోనని. 16 ఎంబీ ఉన్న గంటన్నర ఫైలు 216 ఎంబీ అయింది. శబ్దం మాత్రం అట్లాగే ఉంది. పారబోసిన నీళ్లు బిందె పెద్దదైతే తిరిగి రావు.

ఇప్పుడు చేయాల్సింది

దొరికిన 17 క్యాసెట్లలో ఒకటి మంచి డెక్కు మీద వేసి, దాని ఎంపీ3తో పక్కపక్కన విన్నాము. క్యాసెట్టులో హిస్ శబ్దం ఉంది, నిజమే. కానీ గొంతు వెనుక కత్తెర ఆడుతున్న చప్పుడు, చాటలో ఆకు దులపడం, పాట మధ్యలో పక్కావిడ అందించిన మాట, అన్నీ ఉన్నాయి. ఎంపీ3లో ఆ పక్కావిడ గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది.

ఈ 17 క్యాసెట్లను ఈసారి సరిగ్గా ఎక్కించాలి. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం చెప్పే కనీస కొలత సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కోటి 24 బిట్లు. ఒంటి ఛానెల్‌కు నిమిషానికి 8.64 ఎంబీ. ఒక సీ-90కి 778 ఎంబీ. 17 క్యాసెట్లకు 13.2 జీబీ. ఒక 16 జీబీ కార్డులో పడుతుంది. ఏ ముక్కా పారేయకుండా మడతపెట్టే ఫ్లాక్ పద్ధతి 2001 నుంచి ఉంది. అందులో పెడితే చోటు ఇంకా చాలా తగ్గుతుంది, విప్పితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఆ రోజు మాకు పట్టని 60 క్యాసెట్లూ ఇదే కొలతలో ఎక్కిస్తే 46.7 జీబీ. ఈ రోజు మన పిల్లల ఫోన్లో ఉండే 64 జీబీ కార్డులో అంతా పట్టి ఇంకా మిగులుతుంది. చోటు ఏడాదికేడాది పెరుగుతూనే వచ్చింది. పోయిన గొంతు మాత్రం ఏ ఏడాదీ తిరిగి రాదు. ఈ రెండింటిలో ఏది ముందు చూసుకోవాలో మాకు అప్పుడు తట్టలేదు.

కార్యవర్గం ముందు మేము పెడుతున్న ప్రతిపాదన ఇది. ఒకటి, అసలు ప్రతి ఎప్పుడూ పూర్తి కొలతలో ఉండాలి, కనీసం మూడు చోట్ల, మూడు వేరువేరు ఇళ్లల్లో. రెండు, వినడానికి, పంచుకోవడానికి 64 దగ్గర ఒంటి ఛానెల్ ఎంపీ3 చాలు, 17 క్యాసెట్లూ 734 ఎంబీ అవుతాయి. ఎంపీ3ని మేము తిట్టడం లేదు. అది కట్టుకునే బట్ట, అసలు థాను వేరే భద్రంగా ఉండాలి. మూడు, ఎక్కించాక కూడా క్యాసెట్లు పారేయకూడదు. నాలుగు, గ్రూపులో పంపేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి వాయిస్ మెసేజ్‌గా మళ్లీ రికార్డు చేయవద్దు, అది ఇంకోసారి తగ్గిస్తుంది. ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి.

ఇక చివరి మాట, అసలు మాట. ఆ అవ్వ మాటలున్నది 23వ నంబరు క్యాసెట్టు. దొరికిన 17లో అది లేదు. కానీ ఆ రోజుల్లో మేము కాపీలు తీసి ఇళ్లకు ఇచ్చేవాళ్లమని పైన రాశాము. 23వ నంబరు కాపీ కూడా కనీసం రెండు ఇళ్లకు ఇచ్చినట్టు గుర్తు. ఏ ఇళ్లకో పుస్తకంలో రాసుకోలేదు. కాపీ క్యాసెట్టులో హిస్ పెరుగుతుంది, అయినా మా ఎంపీ3 కన్నా వంద పాళ్లు నయం. చ ఏదో, త ఏదో తెలిసిపోతుంది.

దయచేసి మీ ఇళ్లల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో, కుట్టుమిషను సొరుగుల్లో ఒకసారి వెతకండి. అట్ట మీద నీలం సిరాతో నంబరు ఉంటుంది. 23 కాకపోయినా ఏ నంబరైనా సరే తెచ్చివ్వండి. దొరికితే దాన్ని ఏ యంత్రంలోనూ వేసి చూడకండి, పాత టేపు తెగుతుంది. అట్లాగే సంఘం గదికి తీసుకురండి. కాపీ తీసుకుని మీది మీకు చేతికిస్తాము.

అక్క ఇంకా అడుగుతూనే ఉంది. పోచారమా, పోతారమా చెబితే బస్సెక్కుతానంటోంది.